మూడో కేక

వేట నిషేధం అరవై ఒక్క రోజులు. అందులో ముప్పై ఏడో రోజు తెల్లవారుతుండగా నేను ఒక మాట అన్నాను. "చెప్పానమ్మా" అన్నాను. అది అబద్ధమని అప్పుడు నాకు తెలియదు. తెలియక అన్నాను గనుక దాని బరువు కొంచెం తగ్గుతుందేమోనని ఆ తరువాత చాలా రోజులు చూశాను. తగ్గలేదు.

మా అమ్మాయి అబిగయీలు, ఆమె స్నేహితులు ముగ్గురు కలిసి బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున, మూతపడిన రొయ్యపిల్లల హేచరీలో సినిమా స్టూడియో పెట్టి అప్పటికి మూడేళ్ళు. పక్కనే పాతపాలెం, చేపలు పట్టేవాళ్ళ ఊరు. హేచరీలో పన్నెండు సిమెంటు తొట్లు, పైన రేకులు. మొదటి ఏడాది ఒక్క తొట్టి కడుక్కున్నారు. గోడలకు కొబ్బరిపీచు పరుపులు, వాటి మీద చిరిగిన వలలు కొట్టి, అందులో కూర్చుని మాటలు రికార్డు చేసేవాళ్ళు. రొయ్యల మేతకు ప్రకటనలు, కావలిలో పెళ్ళి వీడియోలు, ఫోన్‌లో చూసుకునే పది నిమిషాల సినిమాలు. రెండో ఏడాదికి నాలుగు తొట్లయ్యాయి. ఈ ఏడాది పన్నెండూ. పాతపాలెం వాళ్ళు వెక్కిరింపుగా రొయ్యల స్టూడియో అనేవారు. చివరికి అబి బోర్డు మీద కూడా అదే రాయించింది.

నేను కావలి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. నా భార్య రెబెక్కమ్మ పోయి రెండేళ్ళు. దుస్తులు కుట్టడానికి ఆమె మిషను కావాలని అబి అడిగినప్పుడు ఇవ్వబుద్ధి కాలేదు. ఇచ్చాక ఒకరోజు ఆరో తొట్టి పక్కన నడుస్తుంటే ఆ మిషను చప్పుడు వినబడింది. ఎవరో అమ్మాయి జాకెట్టు కుడుతోంది. చప్పుడు ఆగేదాకా తొట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాను. మరునాటి నుంచి రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. వచ్చేవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వడం, ఊళ్ళో పెద్దవాళ్ళతో మాట్లాడి రావడం నా పనులు.

మొదటి పెద్ద సినిమా నిషేధం రోజుల్లోనే తీసెయ్యాలని అబి పట్టుదల. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా ఇంజను పడవలు సముద్రంలోకి పోకూడదు. పడవలు ఒడ్డున బోర్లా పడుకుంటాయి. ఇంజన్లు కావలి మెకానిక్కుల దగ్గర విడిభాగాలై ఉంటాయి. మనుషులకు పని ఉండదు. నలుగురితో మొదలైన స్టూడియోలో మే నెలకల్లా నలభై మంది తిరుగుతున్నారు. పాతపాలెం మగవాళ్ళు లైట్లు మోశారు, ఆడవాళ్ళు వంట చేశారు, ఎండుచేపలమ్మే కామమ్మ ఏకంగా కథానాయిక అయింది. సముద్రంలోకి పోయిన భర్త తిరిగిరాని మనిషి కథ అది.

"నా మొగంలో ఏం జూసినావు పాపా? ఎండిన వంజరం మాదిరుండాది" అనేది కామమ్మ.

"అదే చూశానక్కా" అనేది అబి.

మే రెండో వారంలో హైదరాబాదు నుంచి బిందు అనే ఆవిడ వచ్చింది. ఇళ్ళలో టీవీలకు, ఫోన్లకు సినిమాలు అందించే కంపెనీ వాళ్ళది. అప్పటిదాకా తీసినదంతా మూడో తొట్టిలో కూర్చుని చూసింది. ఉక్కపోతకు కాటుక కరిగిపోతున్నా కదల్లేదు.

"చాలా బాగుంది. కానీ ఆమె ఎక్కడా అరవలేదు. ఒడ్డున నిలబడి ఒక కేక పెట్టాలి. ఇంటికి పోయాక కూడా అది నా చెవుల్లో ఉండాలి. అది తీసి పంపండి. ఈ సినిమా మేం తీసుకుంటాం, తరువాతి రెండూ మీతోనే తీయిస్తాం."

ఆమె కారు ఎక్కి పోయాక కుర్రకారంతా తొట్లలో దూకి గంతులేశారు. కామమ్మ ఒక్కతే గట్టు మీద కూర్చుని కాలి వేళ్ళలో ఇసుక దులుపుకుంటోంది.

"కేక వొద్దు పాపా" అంది.

"ఎందుకక్కా?"

"మా కట్టుబాటు నీకు తెలవదు. ఒక కేకేస్తే పడవ లాగను మనుషులు రావాల. మూడేస్తే పడవ మునిగిందని. మూడు కేకలు ఇన్నోడు అన్నం కాడ ఉండినా చెయ్యి కడుక్కోకుండా నీళ్ళలోకి పోవాల. ఏ ఊరోడైనా సరే. నిషేధం లేదు గిషేధం లేదు."

"ఒక్కటే అక్కా. ఒక్కసారి."

కామమ్మ ఇసుక దులపడం ఆపింది. "ఒకటైతే సరే. పాతపాలానికి నేను జెప్తా. కొత్తపాలానికి ఎవురన్నా పొయ్యి జెప్పాల. ఆళ్ళకి మనం కనపడం, మన గొంతు మాత్రం పోతాది."

"నాన్న చెబుతారు" అంది అబి.

కొత్తపాలెం దక్షిణంగా రెండు కిలోమీటర్లు. మధ్యలో సరుగుడు తోపు. షూటింగుకు ముందురోజు మధ్యాహ్నం గొడుగు వేసుకుని వెళ్ళాను. ఊరి పెద్ద చెంచురామయ్య ఇంటి వసారాలో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. మూడు రోజులుగా జ్వరమట. అప్పుడే నిద్ర పట్టిందని పక్కింట్లో వల అల్లుతున్న ముసలమ్మ చెప్పింది. ఆమెకు చెవులు వినబడవు. ఊళ్ళో మిగతావాళ్ళు బోగోల్లో ఏదో పెళ్ళికి వెళ్ళారు.

పక్కన కూర్చున్నాను. నోరు కొంచెం తెరుచుకుని, నుదుటి మీద చెమట పట్టి, హాయిగా నిద్రపోతున్నాడు. జ్వరం దిగుతున్న మనిషి నిద్ర. రెబెక్కమ్మ చివరి నాలుగు నెలలూ కళ్ళు మూతపడక ఎంత అల్లాడిందో చూసినవాణ్ణి. పొరపాటున ఓ పావుగంట కునుకు పడితే ఫ్యాను చప్పుడు కూడా లేకుండా ఆపేసి, అట్టతో విసురుతూ కూర్చునేవాణ్ణి. నిద్రపోయే రోగిని లేపడం నా వల్ల కాలేదు. జేబులో కాగితం తీసి, మూడు వాక్యాలు పొందికగా రాసి, సంతకం పెట్టి, మంచం పక్కనున్న నీళ్ళచెంబు కింద ఉంచాను. ఆయనకు చదువు వచ్చునని నాకు తెలుసు. రోజూ పేపరు చదివే మనిషి. తిరిగి వస్తుంటే ఏదో మంచిపని చేసినట్టే ఉంది.

మరునాడు తెల్లవారుజామున అయిదున్నరకు ఒడ్డున అందరం సిద్ధం. కొంచెం దూరంలో నీళ్ళ మీద పాత ఫైబర్ పడవ ఒకటి బోర్లించి, తాడుతో లంగరుకు కట్టారు. మునిగిన పడవ అదే. నేల మీది గాలి వాయవ్యం నుంచి వీస్తోంది. కెమెరా దగ్గర అబి స్నేహితుడు హరినాథ్. అబి చెయ్యెత్తింది.

కామమ్మ కేక పెట్టింది.

అది కేకలా లేదు. ఆమె ఒంట్లోంచి కాకుండా ఇసుకలోంచి లేచినట్టుంది. పాతపాలెం ఆడవాళ్ళు కొందరు చూడడానికి వచ్చారు. అంతా తెలిసి కూడా వాళ్ళ చేతులు నోళ్ళ మీదికి వెళ్ళాయి.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి కుక్క మొరిగింది.

"ఇంకొక్కటి అక్కా. కుక్క అరుపు పడింది" అంది అబి.

"ఒకటే అన్నావు గదమ్మా."

"ఒకటే వాడుకుంటాం. కుక్కది కూడా నీ గొంతని పెట్టమంటావా?"

నవ్వులు. కామమ్మ కూడా నవ్వి, మళ్ళీ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది. రెండో కేక. ఈసారి హరినాథ్ తల పట్టుకున్నాడు. ఆమె ఒక అడుగు ముందుకు జరగడంతో కెమెరాలో మొహం మసకబారింది.

కామమ్మ లేచి నిలబడింది. "మూడోది నేనెయ్యను."

తూరుపున వెలుగు వచ్చేస్తోంది. ఇంకో అయిదు నిమిషాలైతే ఆ రంగు పోతుంది. అబి చేతులు నలుపుకుంటోంది. పరీక్షకు ముందు చిన్నప్పుడు అలాగే నలుపుకునేది. కామమ్మ ఆమెను చూసింది, తరువాత నన్ను చూసింది.

"సారూ, కొత్తపాలెంలో జెప్పినావా?"

"చెప్పానమ్మా" అన్నాను.

ఆమె మూడో కేక పెట్టింది. అదే బాగా వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే, అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హరినాథ్ కళ్ళు తుడుచుకున్నాడు. అబి పరుగున వెళ్ళి కామమ్మను కౌగలించుకుంది. టీలు వచ్చాయి. అందరం గుంపుగా చేరి చిన్న తెర మీద ఆ ముక్కను మళ్ళీ చూసుకున్నాం. ఆ సందడిలో బోర్లించిన పడవ తాడు తెంపుకుని లోపలికి కొట్టుకుపోతున్న సంగతి ఎవరూ చూడలేదు.

ఇరవై నిమిషాల తరువాత సరుగుడు తోపులోంచి ఆడవాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చారు. పది పన్నెండు మంది. జుట్లు ఊడిపోయి, కొందరు అప్పటికే ఏడుస్తూ. ముందున్న మనిషి నేరుగా కామమ్మ దగ్గరకు వచ్చి ఆమెను రెండు చేతులా పొదువుకుని, తల గుండెకు అదుముకుంది.

"ఏడవ్వొద్దు అక్కా. మా ఆయన పొయ్యినాడు. మా తమ్ముడూ పొయ్యినాడు. తెప్పేసుకోని పొయ్యినారు. తీసుకొస్తారు. ఎవురక్కా నీళ్ళలో? మీ ఆయనేనా?"

ఆమె పేరు పెంచలమ్మ. తెప్ప మీద పోయిన హజరత్తయ్య భార్య. పెళ్ళి నుంచి రాత్రే తిరిగొచ్చిన కొద్దిమందిలో వాళ్ళూ ఉన్నారు.

కామమ్మ భర్త పది అడుగుల దూరంలో టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. పెంచలమ్మ అతన్ని చూసింది. కెమెరాను చూసింది. తెల్లటి థర్మోకోల్ అట్టలను, టీ క్యానును చూసింది. కామమ్మను పట్టుకున్న చేతులు మెల్లగా వదిలింది.

"సినిమానా?" అంది.

అప్పుడు నేను సముద్రం వైపు చూశాను. బోర్లించిన పడవ ఉండాల్సిన చోట నీళ్ళున్నాయి. దూరంగా, చాలా దూరంగా నల్లటి చుక్క ఒకటి పైకి లేచి కిందికి దిగుతోంది. దాని వెనకాల ఇంకా చిన్న చుక్క. వాళ్ళు ఆ పడవను చూశారు. దాన్ని పట్టుకుని మనుషులు వేలాడుతున్నారనుకుని దాని వెంట పోతున్నారు. మేం చూస్తుండగానే రెండు చుక్కలూ కనబడకుండా పోయాయి.

ఇంజన్లు లేవు. పాతపాలెంలో ఒక్క పడవకు మాత్రం ఇంజను ఇంట్లో ఉంది. దాన్ని మోసుకొచ్చి బిగించి, నూనె పోసి, అది అందుకునేసరికి గంట పట్టింది. అబి పోలీసులకు, తీరప్రాంతం గస్తీ వాళ్ళకు ఫోన్లు చేసింది. వాళ్ళు బయల్దేరారు. గాలి దిక్కు చూసుకుని పాతపాలెం పడవ, వాళ్ళ పడవ రెండూ దక్షిణంగా పోయాయి. నీళ్ళు మాత్రం ఉత్తరానికి లాగుతున్నాయని తరువాత తెలిసింది.

కామమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. అబి పిలిస్తే తల తిప్పలేదు.

"కేకేసినోళ్ళు ఒడ్డున కూసోకూడదు" అంది.

నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. అబి వచ్చింది. "నువ్వు ఫోన్ దగ్గరుండు పాపా" అన్నాను. వినలేదు. ముగ్గురం నిలబడ్డాం. అల వచ్చినప్పుడల్లా కాళ్ళ కింద ఇసుక జారిపోయేది. ప్రార్థన చేద్దామనుకుంటే రోజూ చదివే కీర్తనలలో ఒక్క మాటా గుర్తు రాలేదు. ప్రభువా, ప్రభువా అని మాత్రం అనుకుంటూ ఉన్నాను. నీళ్ళలో ఏ నీడ కదిలినా తెప్ప అనిపించేది. మేఘాల నీడలు అవి.

ఎనిమిది గంటలప్పుడు చెంచురామయ్య వచ్చాడు. దుప్పటి కప్పుకుని, ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని. అలల అంచున ఆగి, చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"రాత్రి లేసి నీళ్ళు తాగబోతే చెంబు కిందుండాది. కళ్ళజోడు ఇరిగిపొయ్యుండాది సారూ, పొద్దన్నే మనవరాలు పెళ్ళి నుంచి వొస్తే సదివించుకుందామని జేబులో బెట్టుకున్యా. నీదేనంట గదా. నువ్వే సదువు."

నీళ్ళలో నిలబడే చదివాను. రెండు ఊళ్ళ వాళ్ళూ వింటున్నారు.

"గౌరవనీయులైన శ్రీ చెంచురామయ్య గారికి. రేపు ఉదయం మా చిత్రీకరణ నిమిత్తం సముద్రతీరమున కేక వినిపించవచ్చును. గ్రామస్థులు ఆందోళన చెందవలదని మనవి. మీ నిద్రకు భంగం కలిగించుట ఇష్టము లేక ఈ చీటీ ఉంచుతున్నాను."

చదివి కాగితం మడిచాను. ఆయన కాగితం తీసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"లేపితే కోపం జేసుకుంటాననుకున్నావా?"

"లేదండీ. నిద్రపోతున్నారని..."

"సచ్చినాక పండుకుంటా గదయ్యా ఎట్టాగూ" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

ఎండ ఎక్కింది. పదయ్యేసరికి నీళ్ళు కళ్ళలో పొడుస్తున్నాయి. హరినాథ్, ఇంకో అమ్మాయి వచ్చి మొహాల మీద వెలుతురు పడడానికి వాడే పెద్ద థర్మోకోల్ అట్టలు మా తలల మీద పట్టుకుని నిలబడ్డారు. మూడు గంటలు చేతులు మార్చుకుంటూ అలాగే పట్టుకున్నారు. పెంచలమ్మ ఒడ్డున ఒక్కతే కూర్చుని ఉంది. ఆమెకు కూడా ఒక అట్ట తీసుకెళ్ళారు. వద్దంది. ఒంటిగంటప్పుడు ఎవరో చెంబుతో మజ్జిగ తెచ్చారు. తల తిప్పి చూస్తే పెంచలమ్మ.

"సినిమావాళ్ళుండారని మాకు తెలుసు సారూ. సినిమాకి మూడు కేకలేస్తారని ఎవురనుకుంటారు?" అంది.

"తప్పు నాదమ్మా."

"నువ్వు పడిపొయ్యేటట్టుండావు. తాగు. మా ఆయన వొచ్చినాక నిన్ను తిట్టాల గదా, మనిషివి ఉండాల."

తిట్టడానికి అతను వస్తాడని ఆమె అన్న ఆ మాటను మరో గంటన్నర పట్టుకుని నిలబడ్డాను.

రెండున్నరకు ఉత్తరం వైపు నుంచి చిన్న చుక్క కనబడింది. అంతకుముందు నాలుగు సార్లు తెప్పే అనుకుని మోసపోయాం. అది పెద్దదైంది. తెప్ప. ఇద్దరు మనుషులు. వాళ్ళ వెనక తాడుతో కట్టిన మా బోర్లించిన పడవ.

హజరత్తయ్య నడుము లోతులో దూకి మా వైపు నడిచి వచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పెదవులు ఉప్పుతో తెల్లబడ్డాయి. కామమ్మ ముందు ఆగి చేతులు జోడించాడు.

"దొరకలేదక్కా. మునిగి మునిగి చూసినాం. పడవ కింద చూసినాం, చుట్టూ చూసినాం. ఒక్కరూ దొరకలేదు. ఎంతమందుండిరి దాంట్లో?"

అతను ఏడుస్తున్నాడని అప్పుడు గమనించాను. తాను చేతకాక వదిలేసి వచ్చానని ఏడుస్తున్నాడు.

కామమ్మ, అబి నా వైపు తిరిగారు. "ఎవరూ లేరయ్యా దాంట్లో. అది సినిమా పడవ. కేక కూడా సినిమాదే. మీ ఊరికి చెప్పాల్సింది నేను. సరిగ్గా చెప్పలేదు" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"అయితే ఎవురూ సావలేదు గదా?"

"లేదు."

"అమ్మయ్య" అని నీళ్ళలోనే కూలబడ్డాడు. అల వచ్చి భుజాల దాకా తడిపింది. తెడ్డు వేసిన అరచేతుల్లో చర్మం లేదు. పెంచలమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి తడి కొంగుతో అతని వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది.

"పొయ్యేటప్పుడు ఒక మాట జెప్పి పోవా? తలుపు తెరిసి పెట్టి పొయ్యినావే, కోళ్ళన్నీ ఈదిలో!" అని, అక్కడే అతని తల పట్టుకుని కూర్చుండిపోయింది.

మరునాడు చెంచురామయ్య మరో ముగ్గురు పెద్దలను వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చాడు. ఖాళీ చేసి వెళ్ళిపోమంటారని అబి రాత్రే అందరికీ చెప్పి ఉంచింది. వాళ్ళు అడగకముందే "వెళ్ళిపోతాం తాతా" అంది.

"పొమ్మని ఎవురన్నారు? మాకు దండగలు వొద్దు. ఆ కేక తీసెయ్యి."

"సినిమాలో పెట్టను తాతా."

"పెట్టకపోవడం కాదు, లేకుండా తీసెయ్యి. అదెట్టాంటిదో నాకు తెలవదు గానీ, ఉంటే ఒకనాటికి బయటకొస్తాది. రేపు ఫోన్లలో మోగతాది. ఈ ఒడ్డున ఒకడు కూసోని ఇంటాంటాడు. కేక ఇనపడితే మావోళ్ళు, ఓహో సినిమా అని తిరిగి పండుకుంటారు. ఆ పొద్దు ఎవుడో ఒకడు నిజంగా నీళ్ళలో ఉంటాడు."

"ఆ కేక కోసమే హైదరాబాదు వాళ్ళు..." అని హరినాథ్ మొదలుపెట్టాడు. అబి చెయ్యెత్తి ఆపింది. కేక పెట్టమని ఎత్తిన చెయ్యి అదే.

మూడో తొట్టిలో కంప్యూటరు ముందు కూర్చుంది. కామమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. మూడు చోట్ల దాచిన దాన్ని మూడు చోట్లా తుడిచేసింది. తుడిచేస్తున్నంతసేపూ చెంచురామయ్య గోడ వైపు తిరిగి, వలకు తగులుకున్న కొబ్బరిపీచు ఏరుతూ నిలబడ్డాడు. ఏడ్చే మనిషిని చూడకుండా ఉండడానికి అలా నిలబడతారు. అబి ఏడవలేదు గాని, ఆయన తిరిగి నిలబడినందుకు నేను ఆయనకు ఎంతో రుణపడ్డాను.

బొమ్మ మిగిలింది. సినిమాలో ఆ చోటుకు వచ్చేసరికి కామమ్మ నోరు తెరుస్తుంది. ఏ చప్పుడూ ఉండదు. సముద్రం చప్పుడు కూడా ఉండదు. అబి అలాగే ఉంచి బిందుకు పంపింది. పది రోజులు ఫోను రాలేదు. పదకొండో రోజు వచ్చింది. ఈ సినిమా తీసుకుంటామంది. తరువాతి రెండింటి మాట ఆవిడ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

జూన్ పదమూడున పొద్దుగూకేవేళ హేచరీ బయటి గోడ మీద రెండు పాలేల వాళ్ళకూ సినిమా చూపించాం. కామమ్మ తెర మీదికి వచ్చినప్పుడల్లా ఈలలు. నోరు తెరిచి, కేక లేని ఆ చోటు వచ్చేసరికి ఈలలు ఆగాయి. నేను తెరను చూడలేదు. హజరత్తయ్యను చూశాను. కట్లు విప్పిన అరచేతులు ఒళ్ళో బోర్లించుకుని, తెర పక్కనుంచి చీకటిపడుతున్న నీళ్ళ వైపు చూస్తున్నాడు.

పదిహేనో తారీకు తెల్లవారగానే వేట. కొత్తపాలెం వాళ్ళు రమ్మంటే అబి, నేను వెళ్ళాం. కెమెరా తీసుకుపోలేదు. పడవలకు పసుపు కుంకాలు పెట్టి, కొబ్బరికాయలు కొట్టి, ఒకదాని తరువాత ఒకటి తోస్తున్నారు. పది పదిహేను పడవలు అలలు దాటాయి. ఒడ్డున మిగిలినవాళ్ళు నవ్వుకుంటూ, బొరుగులు పంచుకుంటూ ఉన్నారు.

అప్పుడు ఉత్తరం నుంచి, తోపు అవతల నుంచి కేక వచ్చింది. ఆడమనిషి గొంతు. కాసేపటికి రెండోది. మూడోది.

ఎవరూ కదల్లేదు.

ఒక ఊపిరి తీసి వదిలేంతసేపు, అంతకన్నా ఎక్కువ కాదు, ఒడ్డు మీదున్న మనుషులంతా సముద్రం వైపు చూడలేదు. మా అమ్మాయి వైపు చూశారు. పెంచలమ్మ చూసింది. చెంచురామయ్య చూశాడు. బొరుగుల గిన్నె పట్టుకున్న పిల్లలు కూడా చూశారు.

అబి మొహం పాలిపోయింది. రెండు చేతులూ పైకెత్తి, ఖాళీ అరచేతులు అందరికీ చూపించింది. "మాది కాదు" అంది. గొంతు రాలేదు, పెదవులు కదిలాయి. "మాది కాదు, మాది కాదు."

హజరత్తయ్య అప్పటికే తెప్ప మీద చెయ్యి వేశాడు. అందరూ పరిగెత్తారు. నేనూ ఏదో ఒక పడవ అంచు దొరకబుచ్చుకుని తోశాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. అలలోకి దిగుతుండగా నా పక్కన తోస్తున్నది అబి అని చూశాను.

పాతపాలెం పడవ ఒకటి అలలు దాటబోయి తిరగబడింది. నలుగురు. నలుగురూ దొరికారు. ఒకతను నీళ్ళు మింగి మాట్లాడలేకపోయాడు, మధ్యాహ్నానికి లేచి గంజి తాగాడు. ఆ ఒక్క ఊపిరి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆలస్యం కాలేదన్నారు. కాలేదు నిజమే. కానీ రాత్రిళ్ళు మెలకువ వచ్చినప్పుడు నేను ఊపిరి బిగబట్టి, అది ఎంతసేపో చూస్తుంటాను.

ఇప్పుడు రొయ్యల స్టూడియోలో రెండో పెద్ద సినిమా నడుస్తోంది. పక్కనున్న ఇంకో మూతపడిన హేచరీ కూడా తీసుకున్నారు. నా పని నాకే ఉంచారు. షూటింగుకు ముందురోజు, కేకలున్నా లేకపోయినా, రెండు పాలేలకూ వెళతాను. చీటీలు రాయను. మొన్న కూడా చెంచురామయ్య అదే నులకమంచం మీద, నోరు కొంచెం తెరుచుకుని, హాయిగా నిద్రపోతున్నాడు. భుజం పట్టి కుదిపాను. లేవలేదు. ఇంకా గట్టిగా కుదిపాను.

"మళ్ళా వొచ్చినావా సారూ?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"లేచి కూర్చోండి. మంచినీళ్ళు తాగండి" అన్నాను. "నేనేం చెప్పానో మీ నోటితో మళ్ళీ చెప్పండి. అప్పుడు పడుకోండి."